నేల తగలని రథం

సంతమెట్ట వేణుగోపాలస్వామి రథం ఎంత పెద్దదంటే, దాని నీడలో ఈ కొసన పడుకున్న చూడి మేక ఆ కొసకు నడిచి వెళ్లేసరికి ఈనేస్తుందని చెప్పుకుంటారు. ఇందులో మేక సంగతి మీరు నమ్మకపోయినా ఫరవాలేదు. రథం పెద్దదన్నది మాత్రం నిజం.

మిగతా ఊళ్లలో రథాన్ని ఎండలప్పుడు, నేల గట్టిగా ఉన్నప్పుడు లాగుతారు. సంతమెట్టలో ఆషాఢంలో, బురదలో లాగుతారు. దానికి కారణం ఉంది. గుడి మెట్ట మీద ఉంది. గుడి ముందు వీధి మెట్ట దిగి, ఎవరో వెనక నుంచి తోసినట్టు కిందికి పోతుంది. నేల పొడిగా ఉంటే ఆ రథం వీధి చివర ఆగదు, పక్క ఊరు పోతుంది. తాతల నాడు ఒకసారి అలాగే పోయిందట. పక్క ఊరివాళ్లు స్వామిని కొన్నాళ్లు అట్టేపెట్టుకుని, కొత్త బట్టలు పెట్టి, కొత్త అల్లుణ్ని సాగనంపినట్టు సాగనంపారట. ఆ నామోషీ ఊరు ఇప్పటికీ మరచిపోలేదు. అందుకే బురద.

బురద ఒక్కటీ చాలదు. దిగుడులో చక్రం కింద అడ్డంగా మొద్దు వేసి, రథాన్ని ఆపే మనిషి కావాలి. ఆ మనిషి తవిటయ్య. మామూలు రోజుల్లో సంతలో బస్తాలు మోసే కళాసీ. రథంనాడు మాత్రం ఊరంతా అతని చేతిలో ఉంటుంది. ఎవరి గుమ్మం ముందు రథం ఎంతసేపు నిలబడాలో అతని మొద్దు తేలుస్తుంది. ఆ పూట షావుకారు గారి భార్య కూడా వీధిలోకి వచ్చి, "తవిటయ్య బాబూ, కూసింత మా ఇంటి ముందర" అంటుంది. మర్నాడు మళ్లీ "ఒరే తవిటీ" అంటుంది. రెండు పిలుపులకూ తవిటయ్య ఒకేలా పలుకుతాడు.

పోయిన ఏడాది రథం అయిపోగానే తవిటయ్యకు పచ్చకామెర్లు వచ్చాయి. మనిషి పసుపుకొమ్ములా తయారయ్యాడు. అతని భార్య గున్నమ్మ తడిబట్టలతో వీధిలో నిలబడి, గుడి వైపు తిరిగి గట్టిగా మొక్కుకుంది.

"సామీ, నా మావని లేపి కూకోబెట్టు. వచ్చే ఏడు నీ రథం నా గడప కాడికొచ్చినప్పుడు పళ్లెం నిండా కర్పూరం ఎలిగించి ఆరతిస్తాను. అందాకా నా ఇంట నీసు ముట్టం."

లోపల మంచం మీద తెలివి లేకుండా పడున్న తవిటయ్య చెవిలో ఆ చివరి మాట పడింది. "ఒలే ఒలే, ఆగవే" అంటూ చప్పున లేచి కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు, "చూశారా, మొక్కు ఇంకా పూర్తి కాలేదు, స్వామి లేపేశాడు" అని చెంపలు వేసుకున్నారు. అక్కడితో మొక్కు ఖాయమైపోయింది.

రోగం తగ్గాక బలానికని అంతకుముందే కొనుంచిన ఎర్ర పుంజు ఒకటి పెరట్లో ఉంది. దాన్ని కోయడానికి వీల్లేదు. అమ్మేద్దామంటే తవిటయ్యకు మనసు రాలేదు. ఆ పుంజుకు మొక్కు సంగతి తెలుసు. తెలియకపోతే తవిటయ్య అన్నం తింటున్నప్పుడు సరిగ్గా కంచం ఎదురుగా వచ్చి నిలబడి, ఒక కాలు పైకెత్తి, తొడ చూపించదు.

స్నేహితుడి ఇంట్లో తిందామని ఒకసారి వెళ్లాడు. గున్నమ్మ అతను ఇంటికి రాగానే మీసాలు వాసన చూసింది. తిననైతే తినలేదు, గిన్నె మూత తీసేసరికే కామెర్లు గుర్తొచ్చి లేచి వచ్చేశాడు.

"మొక్కు నీ పేర్న ఉంది మావా. ముద్ద నోట్లోకెల్లిందా, కళ్లు మల్లీ పచ్చబడిపోతాయి," అంది గున్నమ్మ.

"కళ్లు పచ్చబడితే పడనీయే. నోరు సప్పబడిపోతంది గదా."

"రథం వచ్చినాదాకా సప్పగానే ఉండు."

కాబట్టి ఆ ఏడాది సంతమెట్టలో రథం కోసం తవిటయ్య ఎదురుచూసినంతగా ఇంకెవరూ ఎదురుచూడలేదు. పూజారి నరసింహాచార్యులు కూడా చూడలేదు. ఆయనకు ఉన్నది భక్తి మాత్రమే.

ఉత్సవం ఇంకా కొంత దూరంలో ఉందనగా ఒక జీపు మెట్ట ఎక్కి వచ్చింది.

పట్నంలో ఆరుబయటి కొయ్య కట్టడాల సంరక్షణ సంస్థ అని ఒకటి ఉంది. ఎక్కడో ఒక పార్కులో పెద్దమనిషి ఒకాయన చెక్క బల్ల మీద కూర్చుంటే, నేల చెమ్మకు కాళ్లు పుచ్చిన ఆ బల్ల ఆయనతోపాటు తనూ కూర్చుంది. ఆయన లేచి బట్టలు దులుపుకునేలోపే ఒక ఉత్తర్వు పుట్టింది. ఆరుబయట ఉన్న ఏ కొయ్య కట్టడమూ నేలను తాకరాదు. అంతే. చిన్న ఉత్తర్వు. మంచి ఉత్తర్వు కూడా. కర్రకు చెమ్మ తగలకూడదన్నది పొయ్యిలోకి కట్టెలు ఆరబెట్టుకునే ఆడవాళ్లకు కూడా తెలిసిన ముక్కే. కాకపోతే ఆ ముక్కను అమలు చేయడానికి తేమ నివారణాధికారి విశ్వంభరరావుగారిని వేశారు.

ఆయన చేతిలో రెండు సూదులున్న చిన్న యంత్రం ఉంటుంది. పొడి కర్రకు గుచ్చితే ఊరుకుంటుంది. చెమ్మ కర్రకు గుచ్చితే తోక తొక్కిన పిల్లిలా అరుస్తుంది. ఆయన జీపు దిగి, దారిలో కనపడ్డ గేదెల కట్టుగొయ్యకు గుచ్చాడు, అరిచింది. గుడి ముందర దుకాణం బల్లకు గుచ్చాడు, అరిచింది. రథం చక్రానికి గుచ్చాడు. ఆ అరుపుకు గోపురం మీది పావురాలు లేచిపోయాయి.

"ఇది ఏ కట్టడం?" అన్నాడు ఆయన.

గుడి ఈవో గవరనాయుడు చేతులు కట్టుకుని, "కట్టడం కాదండి, రథమండి. నడుస్తుందండి," అన్నాడు.

"ఎంతకాలమునకు ఒకసారి?"

"ఏడాదికి ఒక పూటండి."

"తక్కిన కాలమంతయు?"

"నిలబడే ఉంటుందండి."

"అధిక కాలము నిలబడి ఉండునది కట్టడమే అగును. అప్పుడప్పుడు కదులుట దాని స్వభావ లోపం," అన్నాడు విశ్వంభరరావు. ఆయన జీపు డ్రైవరు అటు తిరిగి నిలబడ్డాడు. ఆ లెక్కన తన జీపు కూడా కట్టడమేనని అతనికి అనుమానం.

"చక్రాల కింద రాతి దిమ్మెలు వేయించమంటారా?" అన్నాడు ఈవో.

"రాయి మా పరిధిలోనికి రాదు. రాతికి వేరే సంస్థ కలదు. మేము కొయ్య తప్ప అన్యము వినియోగింపరాదు."

అలా మామిడి కర్ర దిమ్మెలు వచ్చాయి. తవిటయ్య, తోటి కళాసీలు గడకర్రలు వేసి, అరుచుకుంటూ రథాన్ని ఎత్తి, చక్రానికొక దిమ్మె చొప్పున తోశారు. పని అయ్యాక తవిటయ్యకు సంతోషమే కలిగింది. దేవుడి రథానికి ఎత్తుపీట వేశారని చెప్పుకున్నాడు. రథంనాడు దించేస్తారనే అనుకున్నాడు పాపం.

తరవాతి తనిఖీకి విశ్వంభరరావు వచ్చి చక్రానికి సూదులు గుచ్చాడు. యంత్రం మూలిగి ఊరుకుంది. ఆయన ముఖం వికసించింది. ఆ ఊపులో దిమ్మెకు కూడా గుచ్చాడు. అరిచింది.

"ఇదేమి?" అన్నాడు.

"తమరేయించిన దిమ్మే బావూ," అన్నాడు తవిటయ్య.

"దేనితో చేసినది?"

"కర్రతోటే గదా బావూ."

"ఎచట ఉన్నది?"

"నేల మీదున్నాది."

విశ్వంభరరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అనగా, ఒక కొయ్య కట్టడం నేలను తాకుచున్నది. మా సంస్థ కట్టించిన కట్టడమే మా ఉత్తర్వును ఉల్లంఘించుచున్నది. గవరనాయుడూ, ఇది బయటకు పొక్కరాదు. వెంటనే దిమ్మెల కింద దిమ్మెలు వేయించండి."

"అలాగేనండి," అన్నాడు ఈవో. ఆయన పుట్టినప్పుడు ఏడవకుండా 'అలాగేనండి' అన్నాడని ఊళ్లో అంటారు.

తవిటయ్య తల గోక్కున్నాడు. "మరి బావూ, ఆ అడుగు దిమ్మె నేలకి తగుల్తాది గదా?"

"ఆ విషయం తదుపరి తనిఖీలో పరిశీలింపబడును," అన్నాడు విశ్వంభరరావు. పరిశీలింపబడింది కూడా. ఆయన మాట తప్పే మనిషి కాదు.

ఇక చూడండి. తనిఖీకొక వరస చొప్పున రథం పైకి లేచింది. వానకు పుట్టగొడుగు లేచినట్టు లేచింది. ముందు, రథం నిలిపే నాలుగు స్తంభాల షెడ్డు కప్పుకు తల తగిలింది. కప్పు ఊడదీశారు. వాన నేరుగా స్వామి పీఠం మీద పడుతోందని ఆచార్యులుగారు మొత్తుకుంటే, "అది పైనుంచి వచ్చు తేమ. మాకు అప్పగించినది కిందనుంచి వచ్చు తేమ మాత్రమే," అన్నాడు విశ్వంభరరావు. తరవాత రథం వేపచెట్టు దాటింది, కొబ్బరిచెట్టు దాటింది. గోపురం మీది పావురాలు కొంచెం మెడలెత్తి చూడవలసి వచ్చింది. పక్క ఊరివాళ్లు వాళ్ల పొలాల్లోంచే దండం పెట్టుకుని, సాయంత్రం దాని నీడ పడగానే గొడుగులు మూసేస్తున్నారని వినికిడి.

రథం మీద పీఠానికి దీపం పెట్టడానికి ఆచార్యులుగారికి నిచ్చెన కావలసి వచ్చింది. వేశారు. నిచ్చెన కొయ్యది. దాని కాళ్లు నేలను తాకుతున్నాయి. అందుకని దాన్ని రథానికే పైనుంచి వేలాడగట్టి, కింది మెట్టు మనిషి చెయ్యెత్తితే అందీ అందనంత ఎత్తున గాలిలో ఉంచారు. ఆచార్యులుగారు పెద్దవారు. పంచె ఎగగట్టి, కొంచెం వెనక్కి వెళ్లి, "గోవిందా" అని పరుగెత్తుకొచ్చి అందుకునేవారు. అందితే ఆ పూట దీపం. అందకపోతే కిందనుంచే నమస్కారం.

ఆ తనిఖీల్లోనే ఒకనాడు విశ్వంభరరావు కన్ను తవిటయ్య అడ్డు మొద్దు మీద పడింది. అది రథం పక్కన గుడి గోడకు చేరగిలి ఉంది. కొయ్యది, ఆరుబయట ఉంది, నేల మీద ఉంది. దాన్ని తీసుకెళ్లి ఈవో గదిలో చిన్న దిమ్మెల మీద పెట్టి, గదికి తాళం వేశారు.

"అదేటి బావూ, అది నేల మీదెయ్యడానికే ఉంది," అన్నాడు తవిటయ్య.

"అందువలననే అది అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్నది," అన్నాడు విశ్వంభరరావు జాలిగా.

అప్పటికి ఆషాఢం వచ్చేసింది. మొద్దు గదిలో ఉంది, రథం ఆకాశంలో ఉంది, పుంజు పెరట్లో ఉంది. విశ్వంభరరావు గెస్టుహౌసులో దిగాడని తెలిసి, తవిటయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని వెళ్లాడు.

"బావూ, రథంనాటికి దాన్ని దించుతారు గదా?"

"ఉత్సవం యథావిధిగా జరుగును. రథం కదలదు."

"కదలకుంటే ఉత్సవమెలగవుద్ది బావూ?"

"భక్తులు మోకు పట్టుకుని లాగవచ్చును. లాగుట భక్తి. కదులుట ఉల్లంఘన. భక్తికి మేము అడ్డు కాము."

"అలక్కాదు బావూ. నా ఆడది మొక్కుకున్నాది. సామి మా గడప కాడికి రావాల. వస్తే గాని," అని తవిటయ్య ఆగిపోయాడు. కోడి సంగతి ఆఫీసరు ముందర చెప్పడానికి నోరు రాలేదు. "వస్తే గాని నా పేనం కుదటపడదు."

విశ్వంభరరావు చెడ్డవాడు కాడు. నిజంగానే ఆలోచించాడు. కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. "నీ గడప ముందుకు రథం వచ్చుట అనగా ఏమి? గడపకును రథమునకును మధ్య దూరము తొలగుట. ఆ దూరము తొలగుటకు రథమే కదలవలెనని శాస్త్రమున ఎచటను లేదు. గడపయే రావచ్చును గదా."

ఇంత చదువుకున్నవాళ్లకు తప్ప ఇలాంటి ఆలోచన రాదని తవిటయ్యకు అనిపించింది. ఇంటికి పరుగెత్తాడు. గున్నమ్మ బోరింగు దగ్గరికి నీళ్లకు వెళ్లింది. అదే అదనని గునపం పెట్టి గడపను పెళ్లగించి, పసుపు చెరిగిపోకుండా తువ్వాలు చుట్టి, భుజాన వేసుకుని గుడికి బయలుదేరాడు.

దారిలో చూసినవాళ్లు అడిగారు, చెప్పాడు. మొక్కులు ఉన్నది ఒక్క గున్నమ్మకేనా? వీధి వీధంతా గడపలు పెళ్లగించే చప్పుడు మొదలైంది. సాయంత్రానికి గుడి ముందర గడపలు మోసుకొచ్చిన మగవాళ్లు వరస కట్టారు. వెనక ఇళ్లన్నీ ముందు పళ్లు రాలిన నోళ్లలా ఉన్నాయి. గడప అడ్డం లేకపోయేసరికి ఊరి మేకలన్నీ ఇళ్లలోకి నడిచి వెళ్లి, పొయ్యిల దగ్గర పడుకున్నాయి.

విశ్వంభరరావు ఎంతో ముచ్చటపడి, వరసలో మొదటి గడపకు యంత్రం గుచ్చాడు. అరిచింది. రెండోదానికి గుచ్చాడు. అదీ అరిచింది. ఎందుకు అరవవు, రోజూ పొద్దున్నే కడిగి పసుపు రాసే గడపలాయె.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "తీసుకుపొండి. తీసుకుపొండి వీటిని. తేమ అంటువ్యాధి వంటిది. రథమునకు సోకును."

తవిటయ్య గడపను మళ్లీ భుజానికెత్తుకుని ఇంటికి వచ్చేసరికి, గున్నమ్మ గడప లేని గుమ్మంలో మేకను కొమ్ములు పట్టి బయటికి లాగుతోంది.

"రా మావా, రా. గడప తిరిగొచ్చిందా? రేపు గోడలట్టికెళ్లు. ఎల్లుండి నన్నట్టికెళ్లు."

"అలగనీసి కాదే. ఆ బావు సెప్తే నిజమే అనిపించింది."

"గడప ఒక్కటీ ఎత్తుకెళ్తే అది గడపవుద్దేటి? ఎనకాల ఇల్లుంటేనే గడప. ఇల్లు లేకపోతే అది కట్టెపేడు. సామి కట్టెపేడు కాడికొచ్చి ఏటి సేస్తాడు?"

తవిటయ్య గడపను గుమ్మం పక్కన ఆనించాడు. పుంజు గోడెక్కి కూర్చుని ఇద్దరి మాటలూ విన్నది.

ఉత్సవంనాడు ఊరంతా మెట్ట మీదికి పోయింది. తవిటయ్య పోలేదు. మొద్దు లేని తవిటయ్యను ఎవరూ రమ్మనీ అనలేదు. గున్నమ్మ మాత్రం తలస్నానం చేసి, పళ్లెంలో కర్పూరం పెట్టుకుని, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

"రాదని తెలుసు గదే, కర్పూరమెందుకు?" అన్నాడు తవిటయ్య.

"రావడం రాకపోవడం ఆయన పని. కూకోడం నా పని. నువ్వు ముందు గడపెట్టు."

తవిటయ్య గడపను గుమ్మం ముందు వేసుకుని, గునపంతో పాత గుంత సవరించడం మొదలుపెట్టాడు.

మెట్ట మీద సన్నాయి మోగింది. స్వామిని తాళ్లు కట్టి పైకి లాగి పీఠం మీద ఉంచారు. ఆచార్యులుగారిని కూడా అలాగే లాగారు. రథం కదలలేదని పైనుంచి స్వయంగా ధ్రువపరచడానికి విశ్వంభరరావు యంత్రంతో సహా ఎక్కి, స్వామి పక్కన నిలబడ్డాడు. ఈవో మైకులో, "భక్తులారా, లాగండి, కాని కదపకండి," అని చెప్పాడు. ఊరు మోకు పట్టుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామిడి కర్ర పచ్చిది. ఆషాఢం నేల తడిది. అడుగు వరస దిమ్మెల్లో చెదలు ఎప్పుడో సంసారం పెట్టేసింది. అంత మెత్తటి తిండి దానికి మళ్లీ దొరకదు. చుట్టుపక్కల పుట్టలన్నింటికీ కబురు పెట్టింది. ఉత్సవంనాటికి ఆ దిమ్మెలు పైకి దిమ్మెల్లా కనిపిస్తున్నాయిగాని లోపల ఉన్నదంతా చెద బంధువర్గమే. ఏడాది పొడుగునా నేల మీద నిలబడ్డ రథాన్ని ఎన్నడూ ముట్టని చెదలు, దాన్ని నేల నుంచి కాపాడటానికి తెచ్చిన కర్రను వరసగా తినుకుంటూ వచ్చింది.

మోకు ఒక్కసారి బిగిసింది. అడుగు వరస ఉఫ్‌మని పొడి అయిపోయింది. దాని మీది వరస దాని మీద కూర్చుని తనూ పొడి అయింది. అలా ఒకదాని మీద ఒకటి కూర్చుంటూ, ముసలాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దిగినట్టు, రథం నిదానంగా, మర్యాదగా ఆకాశం నుంచి దిగి వచ్చింది. ఒక్క చీల ఊడలేదు. పీఠం మీది దీపం కొండెక్కలేదు. చక్రాలు నాలుగూ నేలను తాకాయి. తాకీ తాకగానే వాటికి తమ పని గుర్తుకొచ్చింది.

"కదులుచున్నది," అన్నాడు పైనుంచి విశ్వంభరరావు.

"గోవిందా," అన్నారు ఆచార్యులుగారు.

లాగుతున్నవాళ్లు మోకు వదిలి గోడలెక్కారు. రథం వీధి దిగుడు అందుకుంది. షావుకారు ఇల్లు దాటింది, ఆవిడ "కూసింత" అనేలోపే దాటింది. బురద ఆపబోయింది. అంత ఎత్తు నుంచి దిగి వచ్చిన రథానికి బురద ఒక లెక్కా. పక్క ఊరివాళ్లు ఆ చప్పుడు విని, కొత్త బట్టలు తీసి సిద్ధంగా పెట్టుకున్నారని తరవాత తెలిసింది.

తవిటయ్య తలెత్తి చూసేసరికి వీధి నిండా రథం ఉంది. చెయ్యి అలవాటు కొద్దీ పక్కకు పోయింది, మొద్దు కోసం. మొద్దు లేదు. తాళం వేసిన గదిలో చిన్న దిమ్మెల మీద పొడిగా ఉంది. చేతికి తగిలింది గడప. ఇంకేమీ ఆలోచించలేదు. రెండు చేతులా ఎత్తి, ఎప్పుడూ వేసే వేటుతో, ముందు చక్రం కింద అడ్డంగా విసిరాడు.

రథం గడప మీదికి ఎక్కింది, మూలిగింది, ఒకసారి ముందుకు ఒరిగి చూసింది, వెనక్కి తగ్గి ఆగింది. సరిగ్గా గున్నమ్మ పీట ఎదురుగా.

గున్నమ్మ లేచి కర్పూరం వెలిగించింది. పైన విశ్వంభరరావు స్వామి ముందు అడ్డంగా, రెండు చేతులా స్తంభాన్ని కౌగలించుకుని నిలబడి ఉన్నాడు.

"బావూ, ఓ పక్కకి జరగండి. సామి కనపడతన్నాడు కాదు," అంది గున్నమ్మ.

ఆయన జరిగాడు. హారతి అయింది. ఆచార్యులుగారు తీర్థం ఇచ్చారు. ఎవరికి ఇచ్చారో ఆయనకే తెలియదు. తవిటయ్య చంక కింద చెమట తుడుచుకుంటూ పెరటి గోడ వైపు చూశాడు. పుంజు మొదటిసారి చూపు తిప్పేసుకుంది.

ఈలోగా ఊరు, ఈవో పరుగెత్తుకుంటూ వచ్చారు. విశ్వంభరరావు దిగి, బట్టలు సర్దుకుని, యంత్రం తీశాడు. వెనక చక్రాలకు గుచ్చాడు, అరిచింది. గడప మీద ఉన్న చక్రం దగ్గర మాత్రం గుచ్చకుండా వంగి చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది.

"ఈ గడప ఎవరిది?"

"నాదే బావూ. తప్పయిపోనాది," అన్నాడు తవిటయ్య.

"ప్రైవేటు గడప. అనగా మా పరిధిలోనికి రాని కొయ్య. ఇది నేలను తాకినను మాకు సంబంధము లేదు. దీని పైనున్న రథమో, నేలను తాకుట లేదు." ఆయన ఈవో వైపు తిరిగాడు. "గవరనాయుడూ, ఇన్నాళ్లుగా మేము వెదకుచున్నది ఇదియే. తక్కిన చక్రముల కిందను ఒక్కొక్క ప్రైవేటు గడప పెట్టించండి."

"అలాగేనండి," అన్నాడు ఈవో. పెళ్లగించిన గడపలు ఎవరి గుమ్మం ముందు వాళ్లవి అలాగే పడి ఉన్నాయి. తెచ్చి పెట్టడం ఎంతసేపు? పెట్టారు. విశ్వంభరరావు రథం చుట్టూ ప్రదక్షిణం చేసి, సంతృప్తిగా యంత్రం సంచిలో వేసుకున్నాడు.

"మరి రథాన్ని గుడికి ఎప్పుడు లాగించమంటారండి?" అన్నాడు ఈవో.

"కదిలిన మరుక్షణము అది నేలను తాకును. కావున కదలరాదు. సంరక్షణ సంపూర్ణము," అన్నాడు విశ్వంభరరావు. జీపు దగ్గరికి వెళ్లాడు. జీపు స్వభావం ప్రకారం అది నిలబడే ఉంది. ఊరివాళ్లు తోశారు.

సాయంకాలం తవిటయ్య స్నానం చేసి, కత్తి నూరుకుని, గంప పట్టుకుని, పిల్లిలా పెరట్లోకి అడుగేశాడు.

"ఏటి సేస్తన్నావు మావా?" అంది లోపల నుంచి గున్నమ్మ.

"మొక్కు తీరిపోనాది గదే."

"తీరింది. అయితే?"

"అయితే ఏటుంది, మసాలా నూరు."

గున్నమ్మ గరిటె చేత్తో పట్టుకుని వచ్చి, గుమ్మం వైపు చూపించింది. గడప లేని గుమ్మంలోంచి, అటూ ఇటూ అడ్డమేమీ లేకుండా, వేణుగోపాలస్వామి నేరుగా వాళ్ల పొయ్యి వైపు చూస్తున్నాడు. వేణువు పట్టుకుని, కొంచెం నవ్వుతూ.

"సామి ఎదర కూకుని సూస్తంటే నీసు వండమంతావేటి?"

"మరెప్పుడే?"

"సామి గుడికెల్లిపోనాక."

తవిటయ్య గంప దించాడు.

ఇప్పటికీ సంతమెట్ట వెళ్లి చూడండి, రథం అక్కడే ఉంది. ఆచార్యులుగారు రోజూ మెట్ట దిగి వచ్చి పూజ చేసి వెళుతున్నారు. గాలిలో నిచ్చెన బాధ తప్పింది గనక ఆయన సుఖంగానే ఉన్నారు. ఎర్ర పుంజు రథం మీద చేరింది. తెల్లవారగానే అది కూస్తే తప్ప స్వామి మేలుకోడని గున్నమ్మ ఊళ్లో చెప్పింది. ఊరు నమ్మింది. పొంగలి ప్రసాదం మొదటి ముద్ద దానికే పెడుతున్నారు. మనిషిని చూస్తే పక్కకు తప్పుకోలేనంత బలిసింది.

తవిటయ్య మాత్రం ఆ కూత వినగానే లేస్తాడు. బోరింగు దగ్గరికి వెళ్లి కడవ నింపుకొస్తాడు. రథం చుట్టూ తిరుగుతూ, చక్రాల కిందున్న గడపలు నాలుగూ నానేలా పోస్తాడు. వానాకాలంలోనూ పోస్తాడు.

"ఏం తవిటయ్యా, ఇంత భక్తి ఎప్పుడు కుదిరింది?" అని ఆచార్యులుగారు ఒకనాడు అడిగారు.

"సామికి సలవ సేస్తాదని బావూ," అన్నాడు తవిటయ్య.

ఆయన అటు వెళ్లగానే వంగి, ముందు చక్రం కింద గడపకు చెవి ఆనించాడు. లోపల ఎక్కడో, చాలా దూరం నుంచి, కరకరమని చిన్న చప్పుడు వినిపించింది. తవిటయ్య లేచి, రెండు చేతులూ జోడించి, ఇంకో కడవ నీళ్లు పోశాడు.